గాలికి వంతులు

గాలితో తీసే కరెంటును నమ్ముకోవచ్చా అని కరీంనగర్‌లో జరిగిన ఒక ట్రైనింగులో పెద్ద ఇంజనీరు ఒకాయన మమ్మల్ని అడిగాడు. తొంభైలలో మాట. దక్షిణాన ఎక్కడో కొండల మీద గాలిమరలు నిలబెడుతున్నారట, ఆ కరెంటు కూడా దేశమంతా తిరిగే తీగల్లో కలుస్తుందట. అది ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు లోడు ఎలా నడపాలి అని ఆయన బోర్డు మీద ఎగుడుదిగుడు గీతలు గీసి చెబుతున్నాడు. ముందు వరుసలోని కుర్రవాళ్లు నమ్మలేం సార్ అనేశారు. సబ్‌స్టేషన్‌లో తల నెరిసినవాణ్ణి కాబట్టి నన్నూ అడిగాడు. నాకు మా కాక పసుపు చేను కళ్ల ముందు కదిలింది. అదంతా ఎక్కడ చెప్పేది, భోజనాల వేళ అవుతోంది. నమ్మొచ్చు సార్, కాకపోతే నమ్మేవాళ్ల పద్ధతి మారాలి అన్నాను. ఆయన అర్థం కానట్టు తల ఊపి బోర్డు వైపు తిరిగాడు.

ఆ రోజు చెప్పనిది ఇక్కడ చెబుతాను.

మా ఊరు గోదావరి అవతల, ఖానాపూర్ వైపు. మా బావి ఊరికి దూరంగా మెరక మీద ఉండేది. బావి ఒకటి, వాటాలు మూడు. ఒక వాటా మా బాపుది. ఒకటి బాపుకు తమ్ముడు, మా కాకది. మూడోది ఖానాపూర్‌లో ఇనుప సామాను దుకాణం నడిపే ఒక సాహెబుది. వాళ్ల నాయన ఎప్పుడో మా తాత దగ్గర కొంత భూమి కొన్నాడు, భూమితో పాటు బావిలో వాటా కూడా వెళ్లింది. ముగ్గురికీ వంతులుండేవి. ఇవాళ బాపుది, రేపు కాకది, ఎల్లుండి సాహెబుది, మళ్లీ మొదటికి. వంతు ఎవరిదైతే వాళ్లు ఎడ్లు తోలుకొచ్చి, మోట కట్టుకుని, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా నీళ్లు పారించుకునేవాళ్లు.

ఈ వంతు అనేది మా దగ్గర ఎంత గట్టిదో బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. వంతున్న ఇంట్లో ఆ రోజు పెళ్లే ఉండనీ, చావే ఉండనీ, బావి వాళ్లదే. వాళ్లు రాకపోతే బావి ఊరికే ఉంటుంది తప్ప పక్కవాడు చెయ్యి పెట్టడు. ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా లేవు. నీ వంతు ఇవాళ నాకివ్వు, నాది రేపు నీకిస్తాను అన్నాడంటే వాడికి గతి లేదని ఊరంతా అనుకుంటుంది. తిక్క పద్ధతే, కాదనను. అయితే పక్క బావుల దగ్గర నీళ్ల కోసం తలలు పగిలాయి, మా బావి దగ్గర పగల్లేదు. మా తాత ఆ మాట పదిమందిలో మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు.

తాత పోయాక బాపు, కాక వేరుపడ్డారు. పెద్దమనుషులు కూర్చుని ఇల్లూ పొలమూ పంచారు. అందరి ఇళ్లలో జరిగేదే. కానీ పంపకంలో ఇంటి ముందరి కొట్టం దగ్గర ఏదో మాట పెరిగింది, కాక మనసు విరిగింది. అప్పటి నుంచి అన్నదమ్ములు మాట్లాడుకునేవాళ్లే గానీ, ఎంత అవసరమో అంతే మాట్లాడుకునేవాళ్లు. నన్ను కన్న అవ్వ, కాక భార్య చిన్నమ్మ మాత్రం పాత దారిలోనే ఉండేవాళ్లు. పచ్చళ్ల గిన్నెలు ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ తిరుగుతూనే ఉండేవి.

నేను అప్పటికే కరీంనగర్ జిల్లాలో ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. పని ఏమిటంటే గంటగంటకూ మీటర్లు చూడటం, పైనుంచి ఫోనొస్తే చెప్పిన ఫీడరు, అంటే కొన్ని ఊళ్లకు పోయే లైను, బందు పెట్టడం, మళ్లీ ఇమ్మంటే ఇవ్వడం. ఎందుకు బందు పెట్టానో నాకే తెలియదు. అయినా ఊళ్లో దీపాలు ఆరితే తిట్లు మాత్రం నాకే. మా అమ్మను నేను చూసుకున్న దానికంటే జనాలు తలుచుకున్నదే ఎక్కువ. ఆ కోపం నేను ఇంటికొచ్చినప్పుడు ఎవరి మీదో చూపించేవాణ్ణి, అవ్వ అన్నం పెట్టి ఊరుకునేది.

ఎనభైల మొదట్లో మా ఊళ్లో ఇళ్లకు కరెంటుంది, బావులకు లేదు. స్తంభాలు వస్తాయి వస్తాయి అంటూ ఏళ్లు గడిచాయి. నేను ఆఫీసుల చుట్టూ తిరిగి ఎట్లాగైనా మన బావికి లైను వేయిస్తానని బాపుతో అన్నాను. బాపు నవ్వాడు.

"తీగెల మీద వచ్చేదాన్ని ఎక్కడ్నో ఒకడు ఆపుతడు. గాలిని ఎవడాపుతడు?"

ఆ ఎక్కడో ఉండే ఒకడిని నేనేనని బాపుకు తెలుసు. తెలిసే అన్నాడు. బాపు అప్పటికే ఎక్కడో వ్యవసాయ ప్రదర్శనలో గాలితో నీళ్లు తోడే మిషను చూసి వచ్చాడు. ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన రేకుల చక్రం, గాలి ఎటుంటే అటు తిప్పే తోక, చక్రం తిరిగితే బావిలోకి దిగి లేచే కమ్మి. దానికి సర్కారు సాయం కూడా ఉందట. సాహెబుతో మాట్లాడాడు. సాహెబుకు ఇనుమంటే ప్రాణం, వెంటనే సరేనన్నాడు. కాక ఏమీ అనలేదు. అన్న ఏం చేసినా ఆలోచించే చేస్తాడని ఆయనకు లోపల ఒక నమ్మకం, మనసు విరిగినా అది మాత్రం విరగలేదు.

ఎండాకాలం చివర్లో మిషను లేచింది. మోట కట్టే దూలాలు, గిరకలు పీకేసి ఆ చోటనే ఇనుప కాళ్లు పాతారు, ఇంకెక్కడా నేల గట్టిగా లేదని. ఊరంతా దాన్ని ఫంకా అన్నది. నేనూ ఇక్కడ ఫంకా అనే అంటాను, గాలిమర అంటే మా ఊరివాళ్లకు నవ్వొస్తుంది.

అప్పుడు సాహెబు ఒక మాట చెప్పాడు. పక్కన ఒక హౌజు కట్టుకుందాం పటేలా, ఫంకా తిరిగినప్పుడల్లా నీళ్లు అందులో పడతాయి, కావలసినప్పుడు మడవ తిప్పుకోవచ్చు అన్నాడు. హౌజంటే మా దగ్గర నీళ్ల తొట్టి, పెద్దది. మడవంటే కాలువ గట్టులో నీళ్లు తిప్పుకునే గండి. మంచి మాటే. బాపు, కాక ఇద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. వేరుపడ్డాక వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను చూసింది అదొక్కసారే.

"హౌజుల వడ్డంక ఏ నీళ్లు ఎవ్వనియో ఎట్ల తెలుస్తది సాబ్?" అన్నాడు బాపు. "ఎవ్వని వంతునాడు వచ్చిన నీళ్లు వాని కాల్వలనే వోవాలె."

మోటకు చెల్లిన పద్ధతి ఫంకాకూ చెల్లుతుందనుకున్నారు. మోటకు ఎందుకు చెల్లిందంటే ఎడ్లు రోజూ ఒకే తీరుగా లాగుతాయి, ఇవాళ్టి రోజూ రేపటి రోజూ సమానం. గాలికి అది లేదు కదా అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు, నేను చదువుకున్నవాణ్ణే మరి. ఫంకా నీళ్లు నేరుగా కాలువలోకే మళ్లించారు, వంతులు వంతులుగానే ఉన్నాయి.

మృగశిర దాటగానే పడమటి గాలి అందుకుంది. ఫంకా తిరిగిందంటే అలా ఇలా కాదు. కమ్మి లేస్తూ దిగుతూ ఉంటే కాలువ నిండా నీళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చి చూశారు. బాపు తలపాగా సర్దుకుని అందరికీ గొలుసు చూపించేవాడు. ఆ గొలుసు లాగితే తోక ముడుచుకుని ఫంకా ఆగిపోతుంది, వదిలితే మళ్లీ గాలికి ఎదురు నిలుస్తుంది. ఎవరైనా పెద్దమనిషి వస్తే ఒకసారి ఆపి చూపించి మళ్లీ వదిలేవాడు. పైన వాన, కింద ఫంకా నీళ్లు. చేలల్లో నీళ్లు ఎక్కువై గండ్లు కొట్టి బయటికి పంపిన రోజులూ ఉన్నాయి. ఆ నీళ్లతో ఎవరికీ పని లేదని ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

ఆ సంబరంలోనే కాక తన ఎడ్లను అంగడికి తోలాడు. ఉన్నది ఒక్క జత. మోట లేనప్పుడు వాటిని మేపడం దండగ అని సలహా ఇచ్చింది బాపే. దున్నకాలకు నా ఎడ్లున్నాయి కదరా, నేనున్నాను కదా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. బాపు గొంతులో ప్రేమే ఉంది, మోసం లేదు. వేరుపడ్డాక తమ్ముడు తన మాట మీద ఒక పని చేస్తున్నాడన్న సంతోషం కూడా ఉంది. కాక తన భూమంతా పసుపు పెట్టాడు. పసుపంటే నేలలో ఉన్నన్నాళ్లూ తడి అడిగే పంట, వానలు పోయాక అంతా బావి మీదే. బాపు జొన్న వేసుకున్నాడు, కొద్దిగా మిరప. జొన్న మంచుకు కూడా బతుకుతుంది. సాహెబు తన ముక్కలో సగం పసుపు పెట్టాడు గానీ ఆయనకు దుకాణం ఉంది. కాకకు ఆ ఏడు పసుపే ఇల్లు, పసుపే వాకిలి.

దసరా దాటాక గాలి పడిపోయింది. దీపావళి నాటికి ఆకు కదలడం లేదు. ఫంకా రేకుల మీద కాకులు కూర్చున్నాయి.

ఇక్కడ ఒకటి చెప్పాలి. గాలి పూర్తిగా రాకుండా పోలేదు. చలికాలంలో మా వైపు ఉండుండి ఒక రోజు తూర్పు నుంచి గాలి లేస్తుంది, పొద్దున్నే లేచి సాయంత్రం దాకా ఉంటుంది, మళ్లీ కొన్నాళ్లు జాడ ఉండదు. అలా లేచిన రోజున ఫంకా బాగానే తిరిగింది. కానీ ఆ రోజు ఎవరిదైతే నీళ్లు వాళ్లవే. ఒకసారి సాహెబు వంతునాడు లేచింది, రెండుసార్లు బాపు వంతునాడు. కాక వంతునాడు లేవలేదు. ఆ తర్వాత లేచినప్పుడూ అంతే. గాలికి కాక మీద పగా లేదు, బాపు మీద ప్రేమా లేదు. అది తన పాటికి తాను వచ్చి పోతోంది. కానీ మనిషి మనసు అట్లా అనుకోనివ్వదు కదా. కాక తన వంతునాడు పొద్దున్నే వచ్చి ఫంకా కింద గొంగడి పరుచుకుని కూర్చునేవాడు. తల ఎత్తి చూస్తూ ఉండేవాడు. సాయంత్రం గొంగడి దులుపుకుని ఇంటికి పోయేవాడు. ఎవరైనా పలకరిస్తే నా రాత అనేవాడు.

పుష్యమాసంలో నేను సెలవు మీద వెళ్లేసరికి కాక చేను అంచులు కాలినట్టు ఉంది. పసుపు ఆకు పచ్చగా ఉండవలసిన రోజుల్లో మెలి తిరిగి గొట్టంలా చుట్టుకుంది. చిన్నమ్మ కుండలతో బావిలోంచి నీళ్లు చేది మొదళ్లలో పోస్తోంది, అది కూడా తమ వంతున్న రోజునే. ఎంతకని పోస్తుంది. నాకు చూడబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి బాపుతో గట్టిగానే మాట్లాడాను. నీ జొన్నకు నీళ్లు అక్కర్లేదు, గాలి లేచిన రోజు నీళ్లు కాక చేలోకి తిప్పు అన్నాను. నువ్వు చెప్పేదాకా ఆగాననుకున్నావా, వాడు నా నీళ్లు పట్టడురా అన్నాడు బాపు. ఆయన ముఖం చూస్తే ఆయనకు రాత్రులు నిద్ర లేదని అర్థమైంది. ఎడ్లు అమ్మించింది తనే. మోట దూలాలు పీకించింది తనే. హౌజు వద్దన్నదీ తనే, అందులో మాత్రం తమ్ముడూ తోడున్నాడు.

రెండు రోజులకు తూర్పు గాలి లేచింది. బాపు వంతు. పొద్దున్నే రేకుల చప్పుడు ఇంటికి వినబడింది. బాపు పార భుజాన వేసుకుని బయల్దేరాడు, వెనక నేను. వెళ్లి తన కాలువ మూసేసి, కాక చేను వైపు మడవ తిప్పాడు. నీళ్లు అటు మళ్లాయి. ఎండిన కాలువలో నీళ్లు పోతుంటే చప్పుడు వేరుగా ఉంటుంది, మట్టి తాగుతున్న చప్పుడు. ఆ చప్పుడుకు కాక వచ్చాడు. చిన్నమ్మ కూడా వెనకాలే వచ్చి దూరంగా నిలబడింది.

కాక వంగి, రెండు పారల మట్టి వేసి మడవ మూసేశాడు. నీళ్లు ఆగి, గట్టు పొర్లి, దారిలోకి పోయాయి.

"నీ వంతు నీళ్లు నాకెందుకన్నా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఏరువడ్డంక ఎవ్వని వంతు వానిదే. అన్న నీళ్లు తాగి బతికిండని రేపు నా కొడుకును అంటరు."

బాపు ముఖం నల్లబడింది. పోయి ఫంకా కాలు దగ్గరి గొలుసు పట్టి లాగాడు. తోక ముడుచుకుంది. చక్రం కాసేపు ఊగి ఆగిపోయింది.

"అయితె నాకు గూడ అక్కర లే" అన్నాడు.

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన గాలి. ఎండుటాకుల్ని దొర్లించుకుంటూ, మా పంచెల్ని లాగుతూ పోతోంది. ఫంకా కదలడం లేదు. ఒక అన్న గొలుసు పట్టుకుని, ఒక తమ్ముడు పార పట్టుకుని నిలబడ్డారు. నాకు ఇద్దరినీ పట్టి బావిలోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. పెద్దవాళ్ల మధ్య నేనేం చెప్పను.

మా ఇళ్లలో అప్పటికి ఇంకా ఒక ఆచారం ఉండేది. తమ్ముని భార్య బావ ముందు మాట్లాడదు. బావ వస్తుంటే కొంగు నెత్తి మీదికి లాక్కుని పక్కకు తప్పుకుంటుంది. అట్లాగే ఆమె నడిచే దారిలో బావ కూడా నిలబడడు, తానే తప్పుకుని పోతాడు. వేరుపడక ముందు ఒకే ఇంట్లో అన్నేళ్లున్నా చిన్నమ్మ బాపుతో ముఖాముఖి మాట్లాడింది లేదు. ఆమె ఇప్పుడు కొంగు కళ్ల దాకా లాక్కుని ముందుకొచ్చింది. నా వైపు తిరిగి, వాళ్లిద్దరికీ వినబడేట్టు అన్నది.

"బిడ్డా, మీ బాపుకు చెప్పు, మీ కాకకు గూడ చెప్పు. ఏరువడ్డది వాళ్లిద్దరు. నేను ఎవ్వల్తోని ఏం పంచుకోలే."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పవలసిన అవసరం లేదు. ఆమె గొలుసు వైపు నడిచింది. బాపు ఏం చేస్తాడు? ఆమె దగ్గరికొస్తుంటే గొలుసు పట్టుకుని నిలబడే వీల్లేదు. ఆచారం. చేతిలోని గొలుసు ఇనుప కాలికి తగిలించి పక్కకు జరిగాడు, ఇంకా జరిగాడు, గట్టు దాకా పోయాడు. చిన్నమ్మ గొలుసు వదిలింది. ఫంకా గిర్రున తిరిగి గాలికి ముఖం పెట్టింది. ఆమె అదే నడకన మడవ దగ్గరికి వచ్చి, కాక పట్టుకున్న పార మీద చెయ్యి వేసింది. అన్న కళ్ల ముందు భార్య చేతిలోంచి పార గుంజుకునేంత మనిషి కాదు కాక. పార ఆమెకు వదిలేసి, అటు తిరిగి కూర్చున్నాడు. ఆమె మట్టి తీసేసింది.

సాయంత్రం దాకా నీళ్లు పారాయి. అవ్వ రొట్టెలు పంపితే అన్నదమ్ములు చెరో గట్టు మీద కూర్చుని తిన్నారు.

మర్నాడు పొద్దున్నే బాపు ఖానాపూర్ వెళ్లి సాహెబు దుకాణం ముందు నిలబడ్డాడట. హౌజు కట్టుకుందాం సాబ్ అన్నాడట. సాహెబు నవ్వలేదు, నేను మొదట్లోనే చెప్పలేదా అని కూడా అనలేదు. ఆ గుణం అందరికీ ఉండదు. సిమెంటు బండిలో వేసుకుని తనే వచ్చాడు. రాళ్లు ముగ్గురూ మోశారు, కాక కూడా. హౌజు నా వాటా బావి పక్కన కడుతున్నారు కాబట్టి మోస్తున్నానన్నట్టు మోశాడు. లోపలి గోడకు ఒక రాయి గుర్తుగా పెట్టారు. నీళ్లు ఆ రాయి దాకా నిండితే వరసలో ఒకరి వంతు. ఎప్పుడు నిండితే అప్పుడు. సోమవారం గాలి, మంగళవారం గాలి అన్నీ ఆ హౌజులో కలిసిపోయాయి. ఏ నీళ్లు ఎవరివో తెలియదని మొదట ఏ కారణానికి హౌజును వద్దన్నారో, ఆ తెలియకపోవడం వల్లనే కాక ఆ నీళ్లు ముట్టుకున్నాడు.

ఇదంతా జరిగేసరికి ఆలస్యమైంది. కాక చేనులో సగం పోయింది. మిగిలిన సగం తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టారు. ఆ ఏడు కాక ఇంట్లో కొత్త బట్టలు లేవు. నీళ్లు కలిసినంత మాత్రాన మనుషులు కలుస్తారా, కలవలేదు. కాకపోతే తొలకరికి బాపు తన ఎడ్లు తోలుకుపోయి తమ్ముని భూమి దున్నాడు. కాక కాదనలేదు, బదులుగా కలుపుకు వచ్చాడు. అంతవరకే.

తర్వాత కొన్నేళ్లకు స్తంభాలు వచ్చాయి. బోర్లు, మోటార్లు వచ్చాయి. నేను బదిలీ మీద మా వైపు సబ్‌స్టేషన్‌కే వచ్చాను, మా ఊరి ఫీడరు నా చేతి కిందికే వచ్చింది. అప్పుడు చూడాలి బాపు ధైర్యం. ఇదివరకు గాలిని ఎవడాపుతడు అన్న మనిషి, ఇప్పుడు మా కొడుకే స్విచ్చు కాడ ఉన్నడు అని ఊళ్లో చెప్పుకుని, జొన్న మానేసి భూమంతా పసుపు పెట్టాడు. స్విచ్చు దగ్గర ఉండటానికీ కరెంటు నా జేబులో ఉండటానికీ తేడా ఉందని ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

సర్కారు కూడా మా తాత పద్ధతే పట్టింది. పొలాల కరెంటుకు వంతులు. ఈ ఊళ్లకు పొద్దున, ఆ ఊళ్లకు సాయంత్రం, వారం తిరిగితే అటూ ఇటూ మార్పు. వంతు రాగానే కరెంటు ఉంటుందని ఏమీ లేదు. కరెంటుకు తొట్టి ఉండదు. తీసిన క్షణంలోనే వాడుకోవాలి. దేశంలో ఎక్కడో లోడు పెరిగితే ఇంకెక్కడో బొగ్గు ఎక్కువ వెయ్యాలి, లేదంటే డ్యాము నీళ్లు వదలాలి, రెండూ కుదరకపోతే నాలాంటివాడికి ఫోను చెయ్యాలి. ట్రైనింగులో ఆ ఇంజనీరు గాలి గురించి అడిగినప్పుడు నేను ఆలోచించింది ఇదే. ఒక్క కొండ మీది గాలిని పట్టుకుని ఫలానా రోజు రావాలని కూర్చుంటే కాక లాగా గొంగడి పరుచుకుని ఆకాశం చూడవలసిందే. అదే గాలి ఉన్నప్పుడు డ్యాము నీళ్లు ఆపి, గాలి పడిపోయాక ఆ నీళ్లు వదిలితే, ఆ డ్యామే హౌజవుతుంది. ఇక్కడ గాలి లేని నాడు ఇంకో మూల ఉండొచ్చు. కానీ అందుకు ఏ నీళ్లు ఎవరివి అని అడగకుండా కలపాలి. మా బావి దగ్గర ముగ్గురు కలపడానికే సగం పసుపు ఎండింది.

ఫంకాను అందరూ మరిచిపోయారు, కాక తప్ప. మోటారున్నా ఆయన ఏటా తొలకరికి ముందు ఇనుప నిచ్చెన ఎక్కి గ్రీజు పెట్టేవాడు. రేకు ఊడితే సాహెబు దుకాణం నుంచి తెచ్చి బిగించేవాడు. హౌజు అడుగున నాచు గీకేవాడు. ఎందుకు కాకా నీకీ చాకిరి అంటే ఉండనీరా అనేవాడు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. డ్యాముల్లో నీళ్లు అడుగంటాయి. చలికాలం వచ్చేసరికి పైనుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. మా ఊరి వంతు పొద్దునది. పొద్దున ఇస్తానో లేదో ఫోను ఫీడరు బందు పెట్టమంటుంది. ఇలా వరసగా చాలా రోజులు. బాపు పసుపు ఆకు చుట్టుకుందని అవ్వ కబురు పంపింది. నేను చేసేదేమీ లేదు. పైవాళ్లను బతిమాలాను, అరిచాను కూడా, ఒకాయన నీ ఒక్క ఊరి కోసం దేశం తీగెలు తెంపమంటావా అన్నాడు. ఆ పొద్దున మళ్లీ ఫోనొచ్చింది. మా ఊరి స్విచ్చు నా చేత్తోనే దించాను. డ్యూటీ దిగి, స్కూటరు మీద నేరుగా బావి దగ్గరికి పోయాను. బాపు ఏమంటాడో అనిపించుకోవాలనే పోయాను.

తూర్పు గాలి ఉంది, మరీ ఎక్కువ కాదు. ఫంకా తిరుగుతోంది. వెనక రెండు మూడు గాలి రోజుల నీళ్లు కలిసి హౌజులో రాయి దాకా వచ్చాయి. వరస ప్రకారం వంతు కాకది. కాక తన మడవ మూసేసి, బాపు చేను వైపు మట్టి తీస్తున్నాడు.

అవతలి నుంచి బాపు పార పట్టుకుని వస్తున్నాడు. అప్పటికే నడక తగ్గింది, అయినా పార భుజానే ఉంది. వచ్చి మడవ దగ్గర నిలబడ్డాడు. నీళ్లు చూశాడు, హౌజు చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. ఈ మనిషి ఇప్పుడు వంగి రెండు పారల మట్టి వేస్తాడు, వేసి తీరతాడు అనుకున్నాను. ఆ హక్కు ఆయనకు ఉంది, కాక నేర్పిందే.

"ఇయ్యాల వంతు ఎవ్వలిదిరా?" అన్నాడు బాపు.

కాక తల ఎత్తలేదు. మట్టి తీస్తూనే ఉన్నాడు.

"గాలిదన్నా" అన్నాడు.

బాపు భుజం మీది పార దించి, గట్టు మీద తమ్ముని పక్కన కూర్చున్నాడు.